విశాఖ గాలికి నిలిచే బూటు

పెళ్లికనో ఇంటర్వ్యూకనో కొని, నాలుగుసార్లు తొడిగి, డబ్బాలో పెట్టి అటకెక్కించిన బూట్లను ఐదారేళ్ల తర్వాత దించితే ఏమవుతుందో విశాఖలో చాలా ఇళ్లలో తెలిసిన సంగతే. పైన తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది. తొడుక్కుని గేటు దాకా వెళ్లేసరికి సోల్ మాత్రం సున్నుండ చిదిమినట్టు పొడిపొడిగా రాలిపోతుంది. వాడితే అరిగిందనుకోవచ్చు, వాడకుండా దాచినందుకు ఈ శిక్షేమిటి అనిపిస్తుంది. కానీ ఆ సోల్ తయారైన రోజు నుంచే దాని ఆయుష్షు తరుగుతూ వచ్చింది. కాలికి ఉన్నా, అటక మీద ఉన్నా దానికి ఒకటే.

షాపులో 'పీయూ సోల్' అని చెప్పి అమ్మేది పాలీయురెథేన్. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, నడిస్తే హాయిగా ఉంటుంది. బూట్ల అడుగుకు ఎక్కువగా వాడేది ఇందులో ఎస్టర్ రకం, ఎందుకంటే అది రాపిడికి బాగా ఆగుతుంది. అయితే ఎస్టర్ బంధాలను గాలిలోని తేమ తెంచేస్తుంది. తెగినచోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పక్కనున్న బంధాలను ఇంకా తొందరగా తెంచుతుంది. అందుకే నాలుగేళ్లు ఏమీ తెలియదు, తర్వాత ఆరు నెలల్లోనే అంతా అయిపోతుంది. వేడి, తేమ కలిసిన చోట ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే విశాఖ లాంటి ఊరు దానికి అచ్చొచ్చిన చోటు.

కాబట్టి 'ఒక్క మంచి జత కొంటే చాలు, జీవితాంతం వస్తుంది' అని బూట్ల గురించి చెప్పే మాటను కాస్త విడమరిచి చూడాలి. ఏ సోలూ జీవితాంతం రాదు. హీల్ రాదు, లేసులు రావు. సరిగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు ఉండేవి రెండే: పైతోలు, పాదం ఆనే లోపలి అట్ట. మిగతావన్నీ ఆ రెండింటికీ దెబ్బ తగలకుండా విప్పి మార్చుకోగలిగేలా ఉండాలి. అందుకే కొనేటప్పుడు మొదట చూడాల్సింది పైభాగం అడుగుతో ఎలా కలిసిందన్నది.

అంటింపు, పోత, కుట్టు

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి అంటించినవి. సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, సోల్ అదిమేస్తారు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో బూట్లు వదిలేస్తే ఆ అంటు మెత్తబడుతుంది. తర్వాత వచ్చే వానల్లో ముందువైపు నోరు తెరుస్తుంది. మళ్లీ అంటించవచ్చు, ఒకటి రెండుసార్లు పనిచేస్తుంది కూడా. ఆపైన తోలు అంచు నలిగిపోయి సొల్యూషన్ పట్టదు.

పోత పోసినవి రెండో రకం. పైభాగాన్ని అచ్చులో బిగించి, కరిగిన పదార్థాన్ని నేరుగా దాని కిందకు పంపిస్తారు. ఫ్యాక్టరీ డ్యూటీలకు వేసే సేఫ్టీ షూలు చాలావరకు ఇవే. వీటికి సోల్ మార్చడం అనే మాటే లేదు. ఇక్కడ ఒక హెచ్చరిక: స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు డ్యూటీలకు వేసుకునే జతనూ ఈ 'ఒక్క మంచి జత'నూ కలిపెయ్యకండి. ఐఎస్ 15298 అనే భారత ప్రమాణం ప్రకారం సేఫ్టీ షూ ముందు వేళ్లను కాపాడే గట్టి టోపీ 200 జౌల్‌ల శక్తితో పడే దెబ్బకు ఆగాలి. ఒకసారి పెద్ద దెబ్బ తగిలిందంటే పైకి బాగున్నా ఆ జతను పక్కన పెట్టాల్సిందే. అది రక్షణ సామగ్రి, దాని లెక్క వేరు.

కుట్టినవాటిలో ముందుగా బ్లేక్ కుట్టు. దీని యంత్రానికి 1858లో అమెరికాలో లైమన్ బ్లేక్ పేటెంటు తీసుకున్నాడు. లోపలి అట్ట నుంచి సోల్ దాకా ఒకే కుట్టు నిలువునా దిగుతుంది. బూటు పలచగా, నాజూగ్గా ఉంటుంది. కానీ ఆ కుట్టు కన్నాల గుండానే వాన నీళ్లు పైకి ఎక్కుతాయి. పైగా బూటు లోపలికి కొమ్ములాంటి చెయ్యి దూర్చే యంత్రం ఉంటేనే మళ్లీ కుట్టగలరు.

గుడ్‌ఇయర్ వెల్ట్ దారి వేరు. పైతోలు అంచు చుట్టూ ఒక సన్నని తోలు పట్టీ ఉంటుంది, దాని పేరే వెల్ట్. మొదటి కుట్టు పైతోలును, వెల్ట్‌ను, లోపలి అట్ట కింద ఉండే గట్టును కలుపుతుంది. రెండో కుట్టు వెల్ట్‌ను సోల్‌తో కలుపుతుంది. మధ్యలో మిగిలిన గుంటను బెండుతో (కార్కు) నింపుతారు. సోల్ అరిగినప్పుడు రెండో కుట్టు విప్పితే చాలు, మొదటిదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఈ యంత్రం 1870ల్లో చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ చేతుల మీదుగా వాడకంలోకి వచ్చింది. (టైర్ల కంపెనీ పేరు తండ్రిది, కుట్టు పేరు కొడుకుది.) స్టిచ్‌డౌన్ అని ఇంకోటుంది. అందులో పైతోలునే అంచు దగ్గర బయటికి మడిచి అడుగుకు కుట్టేస్తారు. కాస్త మొరటుగా కనిపిస్తుంది కానీ వాన నీళ్లను బాగా ఆపుతుంది.

వెల్ట్, స్టిచ్‌డౌన్ రెండింటికీ ఉన్న అసలు మేలు ప్రకటనల్లో కనిపించదు. వీటి అడుగు కుట్టు పూర్తిగా బూటు బయటే ఉంటుంది. అంటే దాన్ని మార్చడానికి యంత్రం ఉన్న ఊరికి కొరియర్ చెయ్యక్కర్లేదు. చెప్పులు కుట్టే మంచి పనివాడు తన ఆరెతో, మైనం పట్టించిన దారంతో కూర్చున్నచోటే చేసేస్తాడు. బ్లేక్ బూటు ఎంత ఖరీదైనదైనా అతని చేతిలో ఆ పని జరగదు. విశాఖలో ఉండేవాళ్లకు వెల్ట్ వైపు మొగ్గమని చెప్పడానికి నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు.

షాపులో వెల్ట్ అసలుదో కాదో తేల్చుకోవాలి. అలంకారానికి పైన కుట్టు గీతలు అచ్చు వేసిన రబ్బరు పట్టీ అంటించి అమ్మే జతలు బోలెడు. ఫోన్ టార్చి వేసి చూడండి. పట్టీ మీద ఎన్ని కుట్లు ఉన్నాయో, సోల్ కింద గాడిలో కూడా దాదాపు అన్నే కనిపించాలి. సోల్ కింద గాడిని మూసేసి ఉంటే, పైతోలుకూ పట్టీకీ మధ్య సందులో విజిటింగ్ కార్డు మూల పెట్టి మెల్లగా తెరవండి. అసలు వెల్ట్ అయితే లోపల దారం కనబడుతుంది. సొల్యూషన్ మెరుపు మాత్రమే కనబడితే బేరం కూడా ఆడక్కర్లేదు. ఆ తర్వాత చెయ్యి లోపల పెట్టి చూడాలి. అడుగున కుట్ల వరస చేతికి తగిలితే అది బ్లేక్.

గుడ్‌ఇయర్ వెల్ట్ అంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. చాలా జతల్లో లోపలి అట్ట కింద గట్టు తోలులో చెక్కింది కాదు, అంటించిన గుడ్డ పట్టీ. ఏళ్ల తరబడి చెమట తాగి ఆ అంటు వదిలితే అట్ట లోపల జరుగుతుంది, అడుగు ఎగుడుదిగుడవుతుంది. అసలు ఆ అట్ట ముతక కార్డుబోర్డు లాంటిదైతే ఇంకా ముందే విరుగుతుంది. లోపలి అట్ట కనీసం రెండున్నర, మూడు మిల్లీమీటర్ల నిజమైన తోలుదా అని అడగండి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగిన దుకాణాన్ని మిగతా విషయాల్లోనూ కొంత నమ్మొచ్చు.

తోలు దగ్గర

'జెన్యూన్ లెదర్' అన్న ముద్ర నాణ్యత గురించి ఏమీ చెప్పదు. చర్మాన్ని పొరలుగా చీల్చినప్పుడు కింద మిగిలిన పొర మీద ప్లాస్టిక్ పూత పూసినా ఆ ముద్ర వేస్తారు. కావాల్సింది ఫుల్ గ్రెయిన్, అంటే పై పొరను గీకకుండా అలాగే ఉంచింది. బొటనవేలితో నొక్కితే చుట్టూ సన్నని ముడతలు సహజంగా పరుచుకుంటాయి. పూత పూసిన తోలు నొక్కినచోట బిగిసి, పక్కన దళసరి మడత పడుతుంది. లేసుల కింద ఉండే నాలుక అంచు దగ్గర కోత చూస్తే పీచు కనబడాలి. పైన సన్నని ప్లాస్టిక్ పొర గీతలా విడిగా కనబడితే రెండు వానాకాలాల్లో అది వంగేచోట పెచ్చులూడుతుంది. బూటుకు 1.8 నుంచి 2.2 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అంతకన్నా మందం చలి దేశాల ముచ్చట, ఇక్కడ ఉక్కపోత మాత్రమే మిగులుతుంది.

తోలును ఊనిన పద్ధతి, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా పదును చేసిన తీరు కూడా చూడాలి. తంగేడు చెక్క, కరక్కాయ లాంటివాటితో తోలు ఊనడం దక్షిణాదిలో పాత విద్య. అలా ఊనిన తోలు పాదం ఆకారానికి ఒదుగుతుంది, చెమట పీలుస్తుంది, అందుకే లోపలి అట్టకు అదే మేలు. పైతోలుకు మాత్రం ఈ ఊళ్లో క్రోమ్‌తో ఊనినదే సుఖం. తడిసి ఆరినా బిరుసెక్కదు, బూజు కాస్త తక్కువ పడుతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. లేసు దూరే రింగులకు, కొక్కేలకు ఆనించి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. బీచ్ రోడ్డు ఉప్పు గాలికి రెండేళ్లలో తుప్పు మచ్చ చుట్టూ తోలు నల్లబడి కన్నం సాగుతుంది. ఇత్తడి రింగులకు అయస్కాంతం అంటదు. కుట్టు దారం పాలిస్టరో నైలానో అయితే చెమటకూ తడికీ కుళ్లదు. లోపలి అస్తరు గుడ్డదో రెక్సిన్‌దో అయితే మడమ దగ్గర మొదట చిరిగేది అదే.

మన ఇళ్లకు సరిపోయే తీరు

బూట్ల గురించి రాసే పరదేశీయులకు తట్టని చిక్కు ఒకటి మనకుంది. రోజుకు ఎన్నిసార్లు విప్పుతాం? ఇంట్లోకి వెళ్లేటప్పుడు, చుట్టాలింటికెళ్తే, గుడికెళ్తే, కొన్ని క్లినిక్కుల్లోనూ గుమ్మం దగ్గరే. ఎనిమిది జతల కన్నాల పొడవాటి బూటు అందంగానే ఉంటుంది. సింహాచలం మెట్ల దగ్గర వెనక జనం ఆగి ఉండగా విప్పాల్సి వచ్చినప్పుడు దాని అందం గుర్తుకు రాదు. విప్పే ఓపిక లేక మడమ తొక్కి లాగేస్తే వెనక గట్టితనమిచ్చే లోపలి ముక్క విరుగుతుంది, ఆ బూటు మళ్లీ నిలబడదు. అందుకని చీలమండ దాకా వచ్చి, రెండు మూడు జతల కన్నాలతో సరిపెట్టే చక్కా రకం, లేదా కింద కన్నాలు, పైన కొక్కేలు ఉన్న ఆరంగుళాల డెర్బీ బూటు మేలు. సాగే రబ్బరు పట్టీ ఉన్న చెల్సీ బూటు తొడగడం, విప్పడం అన్నిటికంటే సుళువు. పట్టీ కొన్నేళ్లకు సాగిపోతుంది, కొత్తది కుట్టించుకోవచ్చు. పక్క జిప్పు ఉన్నవి మాత్రం వద్దు, మొదట చెడేది జిప్పే.

డెర్బీ అన్నానంటే కారణముంది. అందులో లేసు రెక్కలు రెండూ పైన విడిగా తెరుచుకుంటాయి. సాయంత్రానికి పాదం వాచే ఊళ్లో ఆ సడలింపు అవసరం.

కొలత కూడా అందుకే సాయంత్రం ఇవ్వాలి, వేసుకోబోయే మేజోళ్లతోనే. రెండు పాదాలూ కొలిపించి పెద్దదానికి సరిపోయేది తీసుకోవాలి. పొడవాటి వేలు ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం అత్యంత వెడల్పైన చోటు, బూటు అత్యంత వెడల్పైన చోటు ఒకదాని మీదొకటి పడాలి. చాలామంది తప్పేది ఇక్కడే. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన పాదం ముందువైపు విచ్చుకుని ఉంటుంది. వెడల్పు చాలక నొక్కుతుంటే షాపతను ఒక సైజు పెద్దది ఇచ్చేస్తాడు. మన దగ్గర నడిచే బ్రిటిష్ సైజుల్లో ఒక నంబరుకు తేడా 8.46 మిల్లీమీటర్లు. పక్కలకు కాస్త చోటు దొరుకుతుంది కానీ బూటు వంగే చోటు ముందుకు జరిగిపోతుంది. కాలు ఒకచోట, తోలు ఇంకోచోట వంగితే ఆ మడత వేళ్ల మొదళ్లలో గుచ్చుతుంది, తోలు కూడా అక్కడే పగులుతుంది. కావాల్సింది పెద్ద సైజు కాదు, అదే సైజులో వెడల్పు అచ్చు. కొన్ని కంపెనీలు దాన్ని ఇంగ్లిషు అక్షరం ఇ ఒకటి, రెండు, మూడు అని పెంచుతూ గుర్తు పెడతాయి.

లేసు కట్టాక రెక్కల మధ్య వేలెడు వెడల్పు సందు ఉండాలి. కొత్త తోలు సాగి ఆ సందు మెల్లగా మూసుకుంటుంది. మొదటి రోజే రెక్కలు రెండూ ఆనుకుంటే ఆర్నెల్లకు బిగించడానికి చోటుండదు. మడమ అయిదారు మిల్లీమీటర్లు లేస్తే కంగారు పడక్కర్లేదు, సోల్ వంగడం నేర్చుకున్నాక తగ్గుతుంది. వేళ్లు నొక్కడం మాత్రం దానంతటది తగ్గదు.

సోల్ విషయానికొస్తే, తోలు సోల్ ఊరేగింపులకు బాగుంటుంది, తడిసిన గ్రానైట్ మెట్ల మీద పనికిరాదు. లోతైన గళ్ల కమాండో సోల్ అరకు, లంబసింగి కొండదారుల్లో బాగా పట్టునిస్తుంది, ఇంటికొచ్చాక ఆ దారిలోని ఎర్రమట్టినంతా గుమ్మంలో దులుపుతుంది. రెండింటికీ నడిమిది, తక్కువ లోతు బుడిపెలున్న నైట్రైల్ రబ్బరు సోల్. నూనెకు చెడదు, నునుపు టైల్స్ మీద నిలబడుతుంది.

డబ్బు మిగులుతుందన్న ఆశతో మాత్రం కొనకండి. మూడు వేల జత రెండేళ్లు వస్తుందనుకుంటే పదేళ్లకు పదిహేను వేలు. పన్నెండు వేల వెల్ట్ జతకు ఆ పదేళ్లలో రెండుసార్లు సోల్ వేయించి, తడవకు పదిహేను వందలు పెడితే అదీ పదిహేను వేలే. తేడా పదకొండో ఏట మొదలవుతుంది. అప్పటికి మీ పాదానికి ఒదిగిన బూటు చేతిలో ఉంటుంది.

తేమతో కాపురం

ఒక్క జత అంటే బూట్లలో ఒక్క జత, కాళ్లకు ఉన్నదల్లా అదొక్కటే అని కాదు. ఒకరోజు తొడిగితే లోపలి చెమట ఆరడానికి ఈ గాలిలో రెండో రోజు కూడా కావాలి. రోజు విడిచి రోజు చెప్పులో శాండిల్సో వేసుకోండి. తలుపులు బిగించిన షూ ర్యాకులో పెడితే బూజు ఖాయం. ఫ్యాను గాలి తగిలే తెరిచిన అర మీద ఉంచాలి. ప్లాస్టిక్ సంచీ అసలొద్దు. కలరా ఉండలు పురుగును ఆపుతాయి, బూజును ఆపవు. సిలికా జెల్ పనిచేస్తుంది, కానీ మూసిన డబ్బాలో, అదీ రంగు మారగానే వేడిచేసి మళ్లీ ఆరబెడుతుంటేనే.

వానలో తడిస్తే లేసులు తీసి, నాలుక బయటికి లాగి, లోపల వార్తాపత్రిక ఉండలు కుక్కాలి. మొదట్లో రెండేసి గంటలకు కాగితం మార్చాలి. సోల్ కూడా ఆరేలా బూటును పక్కకు పడుకోబెట్టండి. ఎండలో పెట్టొద్దు. ఎండ పై పొర నుంచి తేమను లాగేసరికి లోపల ఇంకా తడిగానే ఉంటుంది, ఆ తేడాకు తోలు పగులుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో తిరిగొచ్చాక తెల్లటి అలల గీతలు తేలితే అది ఉప్పు. ముందు తడిగుడ్డతో, అదీ పోకపోతే ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి తుడవాలి. ఉప్పు వదిలేసి పైన పాలిష్ వేస్తే లోపల తేమను లాగుతూనే ఉంటుంది.

బూజు తెల్లగా పడితే ఇంటి బయట పొడిగుడ్డతో దులిపి, సర్జికల్ స్పిరిట్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. రంగు దిగుతుందేమో ముందు నాలుక వెనక చూసుకోవాలి.

ఇక నూనెలు. పల్లెల్లో తోలు చెప్పులకు ఆముదం రాసేవారు, అవి బాగానే నిలిచేవి. దళసరి తోలు, పైన పట్టీలు, కుట్లు, అంతే కాబట్టి చెల్లింది. బూటులో బెండు, సొల్యూషన్, గట్టి ముక్కలు చాలా ఉన్నాయి. నూనె ఎక్కువైతే అవి వదులవుతాయి, తోలు రంగు ముదురుతుంది, ఆరని నూనె మీద బూజు పడుతుంది. కొబ్బరినూనె కూడా ఇందుకే వద్దు. మూడు నెలలకోసారి కొద్దిగా షూ క్రీము, వానలకు ముందు తేనెమైనం ఉన్న పాలిష్ ఒక చేయి, ఇంతకుమించి అడగదు.

బైకు నడిపేవాళ్లకు ఎడమ బూటు ముందుభాగం గేరు రాడ్డు కింద నలుగుతుంది. కుడిది కొత్తగా, ఎడమది పాతగా కనిపించే జతలన్నిటి కథ ఇదే. గేరు రాడ్డుకు రబ్బరు తొడుగు వేయడం పది నిమిషాల పని. మెరుపు పాలిష్ తోలుకన్నా నూనె, మైనం పట్టించిన పుల్అప్ తోలు ఈ గీతలను బాగా దాచుకుంటుంది. బొటనవేలితో రుద్దితే సగం మాయమవుతాయి.

సోల్ మార్చే వేళ ముఖ్యం. అడుగు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే మెత్తగా లోపలికి పోతోందంటే వేళయినట్టు. వెల్ట్ దాకా అరిగేదాకా ఆగితే పని మూడింతలవుతుంది. బూటు ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు చెప్పాలి. పాత కన్నాల్లోనే కుట్టాలి. కొత్తగా పొడుస్తూ పోతే వెల్ట్ తపాలా బిళ్ల అంచులా తయారై ఓ రోజు ఆ వరసలోనే చిరుగుతుంది. పాత సొల్యూషన్ గీకేసి, కొత్తది రాశాక చేతికి అంటనంత ఆరాకే అదమాలి. బెండు పోయినచోట స్పాంజి కాకుండా బెండు షీటే వెయ్యాలి. టైరు అట్ట వద్దు, అది చెప్పులకు బాగుంటుంది కానీ బూటుతోపాటు వంగదు, ఆ బలమంతా కుట్టు మీద పడుతుంది.

అడుగున మేకులు కూడా వద్దనండి. లోపలి అట్టలోకి దిగిన మేకు చెమటకు తుప్పు పడుతుంది. హీల్‌కు మాత్రం మేకులు తప్పవు. అరుగుదల హీల్ పై పలకను దాటి లోపలి పొరల్లోకి పోకముందే ఆ పలక మార్పించండి. ఇత్తడి మేకులు అడగండి. అవునో కాదో చూసుకోవడానికి జేబులో అయస్కాంతం ఉండనే ఉంది.